ఎత్తు కొలవని అలైన్‌మెంట్: స్పేసర్లు వేయించుకున్న ఒక టాక్సీ కేసు

ఒడిశాలోని జయపురం, కోరాపుట్, సిమిలిగుడ టాక్సీ స్టాండ్లలో చిన్న సెడాన్లను ఎత్తు లేపించుకోవడం ఈ మధ్య మామూలైపోయింది. వెనక స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు, ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్సార్బరు కలిసిన కాలు) నెత్తిన స్పేసర్లు, అంటే ఎత్తు పెంచే మందపాటి బిళ్లలు. పని ఒక పూటలో అయిపోతుంది, స్పీడ్ బ్రేకర్ మీద బండి అడుగు తగలడం ఆగిపోతుంది, డ్రైవరు సంతోషంగా వెళ్లిపోతాడు. కొన్నాళ్లకు టైర్లు తినేస్తోందని మా వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేసే) షాపు ర్యాంప్ ఎక్కుతాడు. అలాంటి బండ్లు చాలానే చూశాం గానీ, ఈ ఒక్కదాని గురించే పూర్తిగా రాయడానికి కారణం ఉంది. మిషన్ తెర మీద ప్రతి అంకె పచ్చగా, అంటే కంపెనీ హద్దులోనే ఉంది, రోడ్డు మీద బండి మాత్రం ప్రమాదకరంగా నడుస్తోంది.

మోడల్, నంబరు, యజమాని వివరాలు వదిలేశాను. తెలియాల్సినంత వరకు: ముందు చక్రాలతో నడిచే డీజిల్ సెడాన్. ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక ట్విస్ట్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే దూలం). స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కకు జరిగే కడ్డీ) ముందు యాక్సిల్‌కి వెనక వైపు ఉంటుంది. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) సుమారు 2400 మి.మీ. లక్షన్నర కిలోమీటర్లు దాటిన బండి.

బండి చేసే పని

యజమానే డ్రైవరు. తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి వచ్చి జయపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. సగం కిరాయిలు విశాఖ ఆసుపత్రులకు రోగులను తీసుకెళ్లేవి. జయపురం నుంచి కోరాపుట్ ఘాట్ ఎక్కి, 26వ నంబరు జాతీయ రహదారి మీద పొట్టంగి, సుంకి దాటి, ఘాట్ దిగి సాలూరు మీదుగా విశాఖ చేరాలి. మొత్తం 200 కిలోమీటర్లకు పైనే. వెళ్లేటప్పుడు రోగి, ఇద్దరు ముగ్గురు బంధువులు, పరుపుచుట్టలు, వంటసామాను. చాలాసార్లు తిరుగు ప్రయాణం ఖాళీ. మిగతా కిరాయిలు దేవమాలి, గుప్తేశ్వరం చూడ్డానికొచ్చే జనం. నిండుగా వెళ్లడం, ఖాళీగా రావడం అన్న ఈ లెక్క ముందుముందు చాలా ముఖ్యమవుతుంది.

కథ వెనక నుంచి మొదలైంది. నలుగురు ఎక్కి డిక్కీ నిండితే వెనక అడుగు తగులుతోందని స్టాండులో ఎవరో చెబితే వెనక స్ప్రింగుల్లో బఫర్లు వేయించాడు. ఖాళీగా ఉన్నప్పుడు వెనక బాగా లేచింది, దాంతో ముందు ముక్కు దిగినట్టు కనిపించింది. స్టీరింగ్ కూడా తేలికైపోయి, మలుపు తర్వాత తనంతట తాను వెనక్కి రావడం తగ్గింది. అది భ్రమ కాదు. వెనక సుమారు 26 మి.మీ. లేచింది. 2400 మి.మీ. వీల్‌బేస్ మీద అంత లేస్తే బండి మొత్తం ముందుకు వాలి క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) 0.6 డిగ్రీ దాకా తగ్గుతుంది. స్టీరింగ్‌ను మలుపు తర్వాత మళ్లీ నేరుగా నిలబెట్టే బలం చాలావరకు క్యాస్టర్‌దే. ఆ సంగతి ఎవరూ చెప్పకపోగా, "ముందు కూడా లేపేస్తే సమానమైపోద్ది" అన్నారు. అలా ముందు 25 మి.మీ. స్పేసర్లు పడ్డాయి.

వచ్చినప్పటి సమస్య

మా దగ్గరికొచ్చేసరికి మూడు ఫిర్యాదులు. బండి ఎడమకి లాగుతోంది. ముందు టైర్లు ఒక జత పోయింది, రెండో జత కూడా అదే దారిలో ఉంది. మూడోది అతని మాటల్లోనే: "మేస్త్రీగారూ, లాగడం ఎలాగోలా పట్టుకుంటానండి. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలేస్తే స్టీరింగ్ చేతిలో నిలవట్లేదు. ఓసారి ఇటు, ఓసారి అటు. ఎనకాల పేషెంట్ ఉంటారు కదండీ."

నన్ను ఆపింది ఈ మూడోదే. బండి ఒక పక్కకి లాగడానికి లక్ష కారణాలు. బ్రేకు వేసినప్పుడు ఒకసారి ఇటు, ఒకసారి అటు దూకుతోందంటే మాత్రం చక్రం నిలబడిన తీరు కన్నా, బండి లేచి దిగేటప్పుడు చక్రం చేసే పని మీద అనుమానం పోవాలి.

అప్పటికే వేరేచోట అలైన్‌మెంట్ చేయించాడు, ఒకసారి కాదు. టై రాడ్ (స్టీరింగ్ ర్యాక్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) ఎండ్లు రెండూ కొత్తవి. బ్యాలెన్సింగ్ అయింది. చివరి షాపు ఇచ్చిన ప్రింటు జేబులోంచి తీసి చూపించాడు. టో, అంటే పై నుంచి చూస్తే ముందు చక్రాల ముక్కులు లోపలికో (టో ఇన్) బయటికో (టో అవుట్) తిరిగిన కోణం, దాదాపు సున్నా. క్యాంబర్, అంటే ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలిన కోణం, ఎడమ 45 మినిట్లు పాజిటివ్, కుడి 15 మినిట్లు పాజిటివ్. ఈ మోడల్‌కి క్యాంబర్ సున్నాకి అటూ ఇటూ ఒక డిగ్రీ దాకా, అంటే 60 మినిట్ల దాకా కంపెనీ ఒప్పుకుంటుంది. కాబట్టి రెండూ పచ్చ. ఆ షాపువాళ్లు దొంగపని చేశారని నేననను. తెర పచ్చగా ఉంటే బండి దించేయడం ఈ వృత్తిలో అందరికీ అలవాటు.

మిషన్ ఎక్కించక ముందు

ముందుగా స్టెప్నీ తీయించాను. మొదటి జతలో ఒక టైరు అందులోనే ఉంది. బయటి అంచు నున్నగా అరిగిపోయింది. అరిగిన భాగం పక్కన ఇంకా గాడి మిగిలిన చోట అరచేతిని బయటి నుంచి లోపలికి పోనిస్తే జారిపోతోంది. లోపలి నుంచి బయటికి తెస్తే రబ్బరు అంచులు చేతికి గుచ్చుకుంటున్నాయి. అది టో ఇన్ గుర్తు. తర్వాత బండికున్న కొత్త జత మీద అదే చెయ్యి పెట్టాను. సరిగ్గా తిరగబడింది. లోపలికి పోనిస్తే గరుకు, బయటికి తెస్తే నున్న. అంటే టో అవుట్.

ఒకే బండి, ఒకే డ్రైవరు, ఒకే దారి. ఒక జత టైర్లు టో ఇన్‌లో నడిచాయి, తర్వాతి జత టో అవుట్‌లో నడుస్తోంది. ప్రింటేమో సున్నా అంటోంది. ఈ మూడూ ఒకేసారి నిజం కావాలంటే, సున్నా అన్నది మిషన్ మీద నిలబడిన క్షణానికి మాత్రమే నిజమై ఉండాలి.

తర్వాత మామూలు తనిఖీలు. గాలి సరిచేసి, ముందు టైర్లు రెండూ ఎడమ కుడి మార్చి నడిపాం. టైరు లోపమైతే లాగుడు పక్క మారుతుంది. మారలేదు, ఎడమకే లాగింది. కాసేపు నడిపి ఆపి రెండు హబ్బుల దగ్గరా చెయ్యి పెట్టి చూశాం. వేడి సమానం, అంటే ఏ బ్రేకూ పట్టేయడం లేదు. టై రాడ్లు, బాల్ జాయింట్లలో వదులు లేదు. ఎడమ లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టే చేయి) వెనక బుష్ రబ్బరు మాత్రం చీలింది.

ఆ తర్వాత టేపు తీశాం. కొలవాల్సింది నేల నుంచి కాదు, హబ్బు మధ్య నుంచి నిట్టనిలువుగా ఫెండర్ (చక్రం పైన ఉండే బాడీ రేకు) అంచు వరకు. నేల నుంచి కొలిస్తే గాలి తేడా, టైరు అరుగుదల కూడా లెక్కలో కలిసిపోతాయి. పోల్చుకోవడానికి అదే మోడల్, ఎవరూ చెయ్యి పెట్టని బండి ఒకటి సర్వీసుకి వచ్చి ఉంటే దాన్నీ కొలిచాం. దానికి ముందు ఎడమ 370, కుడి 368 మి.మీ. మన బండికి ఎడమ 393, కుడి 381.

రెండు పక్కలా ఒకే మందం స్పేసర్ వేశారు. ఎడమ 23 మి.మీ. లేచింది, కుడి 13 మాత్రమే. స్పేసర్లు తీసేసి ఊహిస్తే ఎడమ దాదాపు మామూలు ఎత్తు, కుడి పది పన్నెండు మి.మీ. దిగువ. ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా డ్రైవరు ఎప్పుడూ కుడి పక్కనే కూర్చుంటాడు. అందుకే కుడి పక్క స్ప్రింగు మొదట కుంగి చచ్చిపోయింది. మొదట అతను "ముక్కు దిగింది" అన్నదాంట్లో కొంత వెనక బఫర్ల వల్ల, కొంత ఈ స్ప్రింగు వల్ల. స్పేసర్ దాన్ని బాగుచేయలేదు, దాచింది.

ఎత్తు మారితే చక్రానికి ఏమవుతుంది

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, లేకపోతే తర్వాతి నిర్ణయాలు అర్థం కావు.

లోయర్ ఆర్మ్ ఒక కొస బండికి బిగించి ఉంటుంది, రెండో కొస చక్రంతో పాటు లేస్తుంది, దిగుతుంది. గడియారం ముల్లు 3 దగ్గర నుంచి 4 వైపు దిగడం చూడండి. 3 దగ్గర ఉన్నప్పుడు ముల్లు కొన దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. 4 దగ్గర పడేకొద్దీ కిందికి దిగడంతో పాటు లోపలికీ జరుగుతుంది, ఆ జరగడం పోనుపోను ఎక్కువవుతుంది. బండిని లేపడమంటే ఆర్మ్‌ని 4 వైపు దించడమే. బాల్ జాయింట్ లోపలికి వస్తుంది, చక్రం అడుగు లోపలికి, నెత్తి బయటికి. అదే పాజిటివ్ క్యాంబర్. ఈ బండిలో ఎడమ ఎక్కువ లేచింది కాబట్టి ఎడమ 45, కుడి 15. విడివిడిగా రెండూ పచ్చే, కానీ రెండింటి మధ్య తేడా అర డిగ్రీ. పాజిటివ్ ఎక్కువున్న పక్కకి బండి లాగుతుంది. మన రోడ్లు ఎడమ అంచు వైపు వాలుగా ఉంటాయి కాబట్టి ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది.

టో సంగతి వేరు. టై రాడ్ కూడా అలాగే వంపుగా తిరుగుతుంది, కానీ దాని పొడవు, మొదలు లోయర్ ఆర్మ్‌తో సరిగ్గా ఒకటి కావు. కంపెనీ పెట్టిన ఎత్తు దగ్గర ఈ రెండు వంపులూ దాదాపు కలిసి నడిచేలా డిజైన్ చేస్తారు. అందుకే చక్రం లేచి దిగినా టో పెద్దగా కదలదు. ఆ చోటు దాటి బండిని లేపితే రెండు వంపులూ విడిపోతాయి. అప్పుడు చిన్న ఎగుడుదిగుడుకు కూడా టై రాడ్ చక్రాన్ని తిప్పుతుంది, డ్రైవరు స్టీరింగ్ తిప్పకుండానే. ఏ వైపు తిప్పుతుందన్నది బండిని బట్టి ఉంటుంది. ర్యాక్ యాక్సిల్‌కి ముందుందా వెనకుందా, ఏ ఎత్తులో ఉంది అన్నవి చూడాలి. ఈ బండిలో లేపితే టో ఇన్, దించితే టో అవుట్. దీన్ని ఇంకో బండికి అంటగట్టకండి, కొలిచి చూసుకోండి.

ఇప్పుడు టైర్ల కథ అతుకుతుంది. స్పేసర్లు వేశాక అలైన్‌మెంట్ లేకుండా తిరిగినన్నాళ్లు టో ఇన్, పైగా పాజిటివ్ క్యాంబర్. రెండూ బయటి అంచునే తింటాయి. తర్వాత షాపులో ఖాళీ బండిని సున్నాకి పెట్టారు. నలుగురు ఎక్కి బండి ముందు భాగం కుంగగానే అది టో అవుట్ అయింది.

మిషన్ మీద కొలిచి చూశాం. ఖాళీ బండికి రెండు చక్రాలూ కలిపి టో 2 మినిట్లు ఇన్. షాపులోవాళ్లని ఇద్దరిని ముందు, ఇద్దరిని వెనక కూర్చోబెట్టి, డిక్కీలో ఇసుక బస్తాలు వేసి, బండిని రెండు మూడుసార్లు నొక్కి వదిలి మళ్లీ చూస్తే 24 మినిట్లు అవుట్. ముందు ఎత్తు దిగింది 20 మి.మీ. మాత్రమే. 24 మినిట్లంటే ఒక్కో చక్రానికి 12 మినిట్లు, డిగ్రీలో అయిదో వంతు. వినడానికి చిన్నదే. లెక్క వేస్తే ప్రతి చక్రం కిలోమీటరుకు మూడున్నర మీటర్లు పక్కకు ఈడ్చుకుపోతుంది. జయపురం నుంచి విశాఖ చేరేసరికి ముప్పావు కిలోమీటరు.

బ్రేకు వేసినప్పుడు ముక్కు దిగుతుంది. అంటే ఘాట్‌లో ప్రతి బ్రేకూ టోని ఇంకా అవుట్‌కి లాగుతుంది. ఎడమ కుడి ఎత్తులు వేరు కాబట్టి రెండు చక్రాలూ సమానంగా తిరగవు. డ్రైవరు చెప్పిన "ఓసారి ఇటు, ఓసారి అటు" ఇదే.

పనిచేయనివి

స్పేసర్లు తీసేద్దామని మొదటే అన్నాను. అతను ఒప్పుకోలేదు. "తీసేస్తే మళ్లీ అడుగు తగిలేస్తదండి, ఎలాగోలా వీటితోనే సరిచేయండి." అతని బాధ నిజమైనదే. వానాకాలం అయ్యాక ఈ ఘాట్ రోడ్లు, లోపలి పల్లెల రోడ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. అందుకని స్పేసర్లు ఉంచి ఎంతవరకు వెళ్లగలమో చూద్దామనుకున్నాం.

క్యాంబర్ బోల్టులు వేశాం. స్ట్రట్‌ని నకుల్‌కి (చక్రాన్ని మోసే ముక్క) పట్టే రెండు బోల్టుల్లో పైదాని బదులు వేసే బోల్టు ఇది, తిప్పితే చక్రం నెత్తి లోపలికో బయటికో కొంచెం జరుగుతుంది. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఖర్చు తక్కువ కావడం ఒక్కటే కాదు. లాగుడు క్యాంబర్ తేడా వల్లేనా అన్న ప్రశ్నకు ఇది సూటిగా జవాబిస్తుంది, పనిచేయకపోతే తీసేయొచ్చు. రెండు పక్కలా క్యాంబర్ సమానం చేసి, దాంతో కదిలిన టోని మళ్లీ సరిపెట్టి రోడ్డెక్కించాం. లాగుడు పోయింది. ఘాట్‌లో బ్రేకు మీద దూకడం తగ్గలేదు.

నా వరకు అది మంచి ఫలితమే. రెండు జబ్బులు కలిసిపోయి ఉన్నవి విడిపోయాయి.

తర్వాత అడగాల్సిన ప్రశ్న: నిండు బరువు మీద టో సున్నా వచ్చేలా పెడితే? పెట్టొచ్చు. అప్పుడు ఖాళీగా వచ్చేటప్పుడు 26 మినిట్లు ఇన్ అవుతుంది. వెళ్లేటప్పుడు లోపలి అంచు మిగులుతుంది, వచ్చేటప్పుడు బయటి అంచు పోతుంది. మధ్యలో పెడితే రెండు అంచులూ కొంచెం కొంచెం పోతాయి. టై రాడ్ నట్టు తిప్పడమంటే టో అంకెను మొత్తంగా అటో ఇటో జరపడమే. ఎత్తు మారినప్పుడల్లా ఆ అంకె ఎంత వేగంగా మారుతుందన్నది నట్టు చేతిలో లేదు. దాన్ని మార్చాలంటే టై రాడ్ బిగించే చోటు ఎత్తు మార్చాలి, లేదా ర్యాక్ జరపాలి. పోటీల బండ్లకు చేసే పని అది. జనాన్ని ఎక్కించుకుని ఘాట్లు దిగే టాక్సీకి స్టీరింగ్ భాగాలు కోసి అతికే పని నేను చేయను, ఎవరి చేతా చేయించుకోవద్దని చెప్పాను. అదొక్కటే కాదు. కంపెనీ ఇచ్చిన రూపానికీ ఆర్.సి. వివరాలకూ తేడా వచ్చే మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. టాక్సీ కాబట్టి ఫిట్‌నెస్‌కి వెళ్లక తప్పదు.

అతన్ని ఒప్పించింది ఇవేవీ కావు. ఒక కాగితం మీద నాలుగు ఎత్తుల దగ్గర టో రాసి చేతికిచ్చాం. బాడీని జాకీతో కొంచెం లేపి ఒకటి, ఖాళీగా ఒకటి, సగం బరువు మీద ఒకటి, నిండు బరువు మీద ఒకటి. పక్కనే ఆ చెయ్యి పెట్టని బండికి అవే నాలుగు. దాని టో ఖాళీ నుంచి నిండు వరకు 8 మినిట్లు కదిలింది. ఇతనిది 26. కాసేపు చూసి, "అయితే తీసేయండి" అన్నాడు. మిషన్ తెర చూపించి చెప్పినవాటి కన్నా ఈ చిన్న పట్టీ ఎక్కువ పనిచేసింది. ఇప్పుడు లేపిన బండి ఏదొచ్చినా ఇదే చేస్తున్నాం.

పనిచేసింది

ముందు స్పేసర్లు, వెనక బఫర్లు తీసేశాం. ముందు స్ప్రింగులు రెండూ కొత్తవి. కుడిది ఒక్కటే చచ్చింది కదా, ఎడమది ఎందుకని అతను అడిగాడు. కొత్తదానికీ పాతదానికీ మళ్లీ ఎత్తు తేడా వస్తుంది, మొదటి జబ్బే తిరిగొస్తుంది. వెనక రెండూ కూడా మార్చాం. స్ప్రింగుల ఖర్చు చూసి ఇబ్బంది పడ్డాడు గానీ, ఈ తరగతి బండికి ముందు స్ప్రింగుల జత ధర టైర్ల జత కన్నా తక్కువే. అతను అప్పటికే ఒక జత టైర్లు పారేశాడు.

స్ప్రింగు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఒకే మోడల్‌లో పెట్రోలుకి, డీజిల్‌కి ముందు స్ప్రింగులు వేరు. డీజిల్ ఇంజిను బరువెక్కువ. పైకి ఒకేలా కనిపిస్తాయి, స్ప్రింగు మీద రంగు గుర్తు చూసి, పార్టు నంబరు సరిపోల్చుకోవాలి. పెట్రోలు స్ప్రింగు డీజిల్ బండికి వేస్తే బండి దిగిపోతుంది, మళ్లీ ఎవరో స్పేసర్ వేయమంటారు.

లోయర్ ఆర్మ్‌లు రెండూ మార్చాం. ఎడమ బుష్ చీలడానికీ స్పేసర్‌కీ సంబంధం ఉంది. ఈ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. ఆర్మ్ ఊగుతుంటే రబ్బరే మెలితిరిగి తిరిగొస్తుంది. అది మెలి లేకుండా ఉండాల్సింది మామూలు ఎత్తు దగ్గర. 23 మి.మీ. లేపితే ఆర్మ్ దాదాపు నాలుగు డిగ్రీలు దిగుతుంది. రబ్బరు ఎప్పుడూ ఆ మెలితోనే ఉంటుంది, దాని మీద రోడ్డు దెబ్బలు. కొత్త ఆర్మ్ బిగించేటప్పుడు కూడా ఇదే తప్పు జరుగుతుంటుంది. బండి లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగానే బోల్టు గట్టిగా బిగించేస్తారు. దించగానే బుష్ మెలి తిరుగుతుంది, ఎత్తు కూడా కొంచెం అబద్ధం చెబుతుంది. మేం బోల్టులు వేలితో పట్టించి, బండిని చక్రాల మీదికి దించి, నొక్కి వదిలి, అప్పుడు పిట్‌లోకి దిగి టార్క్ రెంచితో బిగించాం. మా కుర్రవాళ్లకు ఇది విసుగు పని. కింద ఇరుకు, మోచెయ్యి తిరగదు.

క్యాంబర్ బోల్టులు తీసి కంపెనీ బోల్టులే వేశాం. ఎత్తు సరిగ్గా ఉంటే వాటి అవసరం లేదు. అవసరం పడితే ఇంకెక్కడో ఏదో వంగిందని అర్థం.

కొంత దూరం నడిపి స్ప్రింగులు కుదురుకున్నాక ఎత్తు కొలిచాం. ముందు 371, 369. వెనక 374, 373. ఇవి కాగితం మీద రాశాకే చక్రాలకు అలైన్‌మెంట్ మిషన్ క్లాంపులు పెట్టాం. క్యాంబర్ ఎడమ 10 మినిట్లు పాజిటివ్, కుడి 5. టో ఖాళీగా 4 మినిట్లు ఇన్, నిండు బరువు మీద 4 మినిట్లు అవుట్. సున్నాకి ఇటు కొంచెం, అటు కొంచెం వచ్చేలా కావాలనే పెట్టాం, ఎందుకంటే ఈ బండి సగం రోజులు నిండుగా, సగం రోజులు ఖాళీగా తిరుగుతుంది. ఎప్పుడూ నిండుగానే నడిచే బండి అయితే నేను నిండు బరువు మీదే సున్నా పెడతాను. కొన్ని జర్మన్ కంపెనీలు సీట్లలో బరువులు పెట్టి మరీ అలైన్‌మెంట్ చేయమంటాయి. మన టాక్సీలకు అది ఇంకా ఎక్కువ అవసరం, కానీ మన షాపుల్లో ఖాళీ బండినే కొలుస్తారు.

సుంకి ఘాట్ వరకు నేనూ వెళ్లాను. దిగుడులో బ్రేకు మీద స్టీరింగ్ నిలబడింది.

అడుగు తగలడం సంగతి

ఇది వదిలేస్తే అతను నెల తిరక్కుండా ఇంకోచోట స్పేసర్లు వేయించుకునేవాడు. స్ప్రింగులు మార్చాక పోయిన ఎత్తు ఎడమ 22, కుడి 12 మి.మీ. సంప్ గార్డు (ఇంజిను అడుగున ఉండే రక్షణ రేకు) చూస్తే, రాళ్ల దెబ్బలకు అది మధ్యలో కిందికి ఉబ్బి ఉంది. రేకు విప్పి సరిచేసి బిగిస్తే ఒక వేలి మందం తిరిగొచ్చింది. నెత్తిమీద ఇనుప క్యారియర్ తీయించాం. బరువైన సంచులు డిక్కీ చివర కాకుండా సీటు వెనక్కి ఆనించి పెట్టమన్నాను. వెనక కొత్త స్ప్రింగులు నిండు బరువు మీద పాతవాటి కన్నా తక్కువ కుంగాయి. ముందు స్ట్రట్ మీద వేసిన స్పేసర్ ఇవేవీ చేయదు. అది ఎత్తు ఇస్తుంది, స్ప్రింగుకి బలం ఇవ్వదు. నలుగురు ఎక్కితే అంతే కుంగుతుంది.

ఎత్తు మారినప్పుడు మర్చిపోయే ఇంకో రెండున్నాయి. ఒకటి హెడ్‌లైట్ల గురి. వెనక మాత్రమే లేపితే వెలుగు ముక్కు కిందే పడుతుంది. రెండోది వెనక బ్రేకు. ఏబీఎస్ లేని కొన్ని బండ్లలో వెనక యాక్సిల్‌కీ బాడీకీ మధ్య ఒక వాల్వు ఉంటుంది. బండి కుంగిన కొద్దీ బరువుందనుకుని వెనక బ్రేకుకు ఎక్కువ నూనె ఒత్తిడి వదులుతుంది. బఫర్లతో వెనక లేపితే నిండు బండి కూడా దానికి ఖాళీ బండిలా కనిపిస్తుంది. వెనక బ్రేకు తగ్గి, పని మొత్తం ముందు బ్రేకుల మీద పడుతుంది. ఘాట్ దిగుతున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఈ ప్రాంతంలో జీపులు, ఏడెనిమిది సీట్ల బండ్లు ఎక్కువ కాబట్టి ఒక మాట. ఈ కేసులోని అంకెలు మాక్‌ఫర్సన్ స్ట్రట్‌వి. టార్షన్ బార్ (చుట్ట స్ప్రింగు బదులు మెలితిరిగే కడ్డీ) బండ్లలో కీ బోల్టు తిప్పి ఎత్తు పెంచుతారు, సాలూరు, రాయగడ షెడ్లలో అయిదు నిమిషాల పని. అక్కడ కూడా క్యాంబర్, టో రెండూ కదులుతాయి, క్యాంబర్ చాలా బండ్లలో షిమ్ములతో (పల్చటి రేకు ముక్కలతో) సరిచేసుకోవచ్చు. ముందు కూడా గట్టి యాక్సిల్, కమాను కట్టలు ఉన్న పాత జీపుల్లో రెండు పక్కలా సమానంగా లేపితే క్యాంబర్ మారదు. అక్కడ చూడాల్సింది క్యాస్టర్, స్టీరింగ్ రాడ్ వాలు.

మా జాబ్ కార్డులో ఇప్పుడు గాలి కొలత కింద నాలుగు గళ్లు పెట్టాం, నాలుగు చక్రాల ఎత్తు రాయడానికి. ఎడమ కుడి మధ్య 8 మి.మీ. దాటి తేడా వస్తే టై రాడ్ లాక్ నట్టు వదులు చేయొద్దని కుర్రవాళ్లకు చెప్పాను, ముందు తేడా ఎందుకొచ్చిందో చూడాలి. 8 అన్నది ఏ పుస్తకంలోదీ కాదు, మా దగ్గరికొచ్చే బండ్లు చూసి పెట్టుకున్న గీత.

ఆ బండి తర్వాత దాదాపు పదివేల కిలోమీటర్లకు టైర్ల మార్పిడికి వచ్చింది. ముందు ఎడమ టైరు గాడి లోతు బయట 5.1, మధ్యలో 5.3, లోపల 4.8 మి.మీ. కుడిది దాదాపు సమానం. ఎడమ లోపలి అంచులో ఉన్న ఆ తేడాలో చాలావరకు స్పేసర్లు ఉన్నప్పుడు తిన్నదే. అరచేతితో రెండు వైపులా చూశాం, గుచ్చుకోవడం లేదు. ఎత్తులు కొలిస్తే ముందు రెండూ మూడేసి మి.మీ. దిగి ఉన్నాయి, సమానంగా. టో ముట్టుకోలేదు. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి పంపించేశాం.